డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు – మన ఇళ్లలోని మందుల డబ్బా

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగానికి రాత రూపం)



నేను ఉర్దూ మీడియం పంతులును. జీవకణాన్ని 'ఖలియా' అని చెప్పి చెప్పి నోరు అలవాటు పడినవాడిని. తెలుగులో మాట్లాడమని కార్యదర్శి సాబ్ పట్టుబట్టారు. మన పిల్లల్లో చాలామందికి ఇప్పుడు ఉర్దూ చదవడం రావడం లేదు, మన గల్లీలోని తెలుగు సోదరులు కూడా సభకు వస్తున్నారు అన్నారు. అది నిజమే గనుక ఒప్పుకున్నాను. నా తెలుగు బళ్లో కొంత, బజార్లో కొంత నేర్చినది. తప్పులుంటే మన్నించాలి.

సైన్సు మీద ఏదైనా చెప్పమన్నారు. ముందు మా ఆపా సంగతి చెప్పి, తర్వాత శాస్త్రజ్ఞుడి దగ్గరికి వస్తాను. ఆపా అంటే మా పెద్దక్క. ముప్పై ఏళ్లు మగ్గం పని చేసింది, చీరల మీద జర్దోజీ. నాలుగేళ్ల కింద ఆమె వేళ్ల కీళ్లు వాచినయి. తెల్లారి లేస్తే గంటసేపు పిడికిలి మూసుకోదు. చాయ్ కప్పు పట్టలేదు, ఇక సూది ఏం పడుతుంది? కీళ్లవాతం అని తేల్చి డాక్టరు రెండు గోలీలు రాశారు. ఒకటి మెథోట్రెక్సేట్, వారానికి ఒకే ఒక్క రోజు. రెండోది ఫోలిక్ యాసిడ్, వేరే రోజుల్లో. రెండూ చిన్న గోలీలే, రెండూ పసుపు పచ్చనివే. ఆపాకు చదువు రాదు. రెండింటినీ విప్పి ఒకే రేకు డబ్బాలో పోసుకుంది. ఒక వారం ఏం జరిగిందంటే, వారం గోలీని రోజూ వేసుకుంది. ఐదో రోజుకు నోరంతా పుండ్లు, గుక్కెడు నీళ్లు మింగలేకపోయింది. ఆస్పత్రిలో చేర్చాం. అల్లా దయవల్ల కోలుకుంది. తప్పు ఆమెది కాదు, నాది. ఇంట్లో సైన్సు పంతులు ఉండి ఆ డబ్బా మూత తీసి చూడలేదు.

ఆ రాత్రులు ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఈ రెండు మందులు ఎక్కడివి అని చదవడం మొదలుపెట్టాను. చదివి నివ్వెరపోయాను. రెండింటి వెనుకా ఒకే మనిషి పని ఉంది. ఒకదానికి ఒకటి విరుగుడు లాంటివి, అయినా ఒకే ప్రయోగశాలలో పుట్టినవి. ఆ ప్రయోగశాలకు పెద్ద తెలుగువాడు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పినవాడు.

ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం, అదీ జబ్బు వల్ల ముందే వదులుకోవలసి వచ్చింది. ఏడుగురు పిల్లలు. పదమూడేళ్ల వయసులో ఈ పిల్లవాడు ఇల్లు విడిచి పారిపోయాడు. కాశీ పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని! తల్లి వెంకమ్మ గారు దారిలోనే పట్టి తెప్పించి మళ్లీ బడికి పంపింది. రాజమండ్రిలో చదువు సాగలేదు, మద్రాసులో హిందూ హైస్కూల్లో మూడోసారికి పాసయ్యాడు. ఆ తల్లి మొదటిసారి తప్పినప్పుడే "ఇక చాలు, పనిలో పెడదాం" అని ఉంటే నా ప్రసంగం ఇక్కడితో అయిపోయేది, మీరు త్వరగా భోజనానికి లేచేవారు.

తర్వాత ఆయనకు సన్న్యాసం మీద మనసు పోయింది, రామకృష్ణ మిషన్‌లో చేరతానన్నాడు. తల్లి మళ్లీ ఒప్పుకోలేదు. మిషన్ వాళ్లే వైద్యం చదువు, సేవ చేయవచ్చు అన్నారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. గాంధీగారి పిలుపు రోజులు. ఖద్దరు సర్జికల్ గౌను తొడుక్కుని వచ్చాడని సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చిందట. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి ఆయన చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్. ఆ డిగ్రీతో ప్రభుత్వ వైద్యంలో చోటు దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకున్నాడు.

ఆ ఏళ్లలోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బు ఉంది. తిన్నది ఒంటపట్టదు, విరేచనాలు, నోట్లో పూత, రక్తం పలచబడిపోతుంది. ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు దానితో పోయారు. సుబ్బారావుకు కూడా వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారనే డాక్టరు ఆయుర్వేదంతో బతికించారు. ఈ స్ప్రూ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి ఇచ్చిన డబ్బుతో, 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగాడు. భార్య శేషగిరి గారికి మూడేళ్లలో వస్తానని చెప్పి వెళ్లాడు. వెళ్లాక కొడుకు పుట్టాడు, ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు. అక్కడ హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరాడు గానీ జీతం లేదు. ఆస్పత్రిలో రాత్రి పని పట్టాడు. రోగుల మలమూత్రాల పళ్లేలు ఎత్తి కడిగే పని. డాక్టరు చదివినవాడు! ఈ ముక్క చెప్పినప్పుడు మా క్లాసులో పిల్లలు నవ్వలేదు. వాళ్లలో కొందరి తల్లులు ఆ పనికే రోజూ ఆస్పత్రులకు పోతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. హార్వర్డ్ జీవరసాయన విభాగంలో ఓటో ఫోలిన్ పెద్ద, సైరస్ ఫిస్కె అధ్యాపకుడు. ఫిస్కె కింద సుబ్బారావుకు ఇచ్చిన పని చూడటానికి చాలా చిన్నది: రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే మంచి పద్ధతి కనిపెట్టాలి. వాళ్లు కనిపెట్టిన పద్ధతి 1925లో అచ్చయింది. ద్రవంలో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, ఒక క్షయకరణి వేస్తే నీలి రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. అంతే. 'ఫిస్కె–సుబ్బారావు పద్ధతి' అని బయోకెమిస్ట్రీ చదివే పిల్లలు నేటికీ ప్రాక్టికల్స్‌లో రాస్తారు.

ఈ నీలి రంగే ఆయనను పెద్ద చోటికి తీసుకుపోయింది. కండరం నుంచి తీసిన ద్రవంలో రంగు వెంటనే పూర్తిగా రావడం లేదు. కొంచెం వస్తుంది, తర్వాత నిమిషాలు గడిచేకొద్దీ మెల్లమెల్లగా చిక్కబడుతుంది. పనిదొంగ అయితే ఏం చేస్తాడు? మందు పాతదై ఉంటుంది అని పారబోసి ఇంటికి పోతాడు. వీళ్లు ఆగి చూశారు. మెల్లగా రంగు వస్తున్నదంటే, ఏదో ఒక పదార్థం అక్కడికక్కడ విరిగి ఫాస్ఫేట్‌ను వదులుతున్నదన్న మాట. దానిని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. కండరాన్ని పని చేయిస్తే అది తరిగిపోతున్నది, విశ్రాంతి ఇస్తే మళ్లీ చేరుకుంటున్నది. ఇంగ్లండులో ఎగ్లెటన్ దంపతులు కూడా అప్పుడే ఆ పదార్థపు జాడ కనుక్కున్నారు, దాని అసలు స్వరూపం తేల్చింది మాత్రం హార్వర్డ్ జంట. రెండేళ్లకు, 1929లో, కండరంలో ఇంకొకటి వేరు చేశారు. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఏటీపీ. జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా అదే ఏడు దానిని కనుగొన్నారు, కనుక ఇద్దరి పేరూ చెప్పడం న్యాయం.

అంతకుముందు లోకం ఏమనుకున్నది? కండరం లాక్టిక్ ఆమ్లం వల్ల ముడుచుకుంటుంది అనుకున్నది. ఆ దారిలో చేసిన పనికే హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ ఇచ్చారు. ఈ కొత్త పదార్థాలు వచ్చాక కొన్నేళ్లలో ఆ సిద్ధాంతం కూలిపోయింది.

ఇది మనకు ఎట్లా అర్థం కావాలి? ఉప్పుగూడ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ బండి కూత వేసింది, మీరు గేటు దగ్గరే ఉన్నారు, పరుగెత్తారు. ఆ పరుగుకు కావలసిన ఏటీపీ కండరంలో కొద్ది సెకన్లకు సరిపడా మాత్రమే ఉంటుంది. అది చొక్కా జేబులోని చిల్లర. అది అయిపోతుండగానే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ను ఇచ్చి మళ్లీ చిల్లర చేస్తుంది. అది లోపలి బనియన్ జేబు. ఇంకో పది సెకన్లు నడుస్తుంది. ఆలోపు బండి ఎక్కితే సరి, లేకపోతే ఆయాసం. తిన్న అన్నాన్ని కాల్చి ఏటీపీ తయారు చేయాలంటే శ్వాస కావాలి గదా. ఒక మనిషి రోజంతటిలో ఇంచుమించు తన బరువంత ఏటీపీని విరుస్తాడు, మళ్లీ అతుకుతాడు అని లెక్క వేశారు. గుండె కొట్టుకోవడం, కన్ను మూయడం, ఇప్పుడు మీరు నా మాట వినడం, అన్నీ ఆ చిల్లర మీదనే.

ఇంకొక సంగతి ఉంది, సుబ్బారావు బతికి ఉండగా తెలియనిది. ఈ ఏటీపీ జీవకణానికి ఖర్చు డబ్బు మాత్రమే కాదు, వార్తలు మోసేది కూడా. మన పాత ఇళ్లలో చూడండి. బయట మగమనిషి తలుపు తడతాడు, లోపలికి రాడు. ఇంట్లో పిల్లవాడు పర్దా దగ్గరికి వచ్చి విని, "అమ్మీ, ఫలానా చాచా వచ్చారు" అని లోపలికి ఉరుకుతాడు. జీవకణం కూడా పర్దా ఉన్న ఇల్లే. మనం భయపడితే అడ్రినలిన్ వచ్చి కాలేయ కణం తలుపు తడుతుంది, లోపలికి పోదు. లోపల ఏటీపీ నుంచే ఒక చిన్న పదార్థం తయారై ఖబర్ మోసుకుపోతుంది. దానిని సైక్లిక్ ఏఎంపీ అంటారు. దానిని కనుగొన్న సదర్లాండ్‌కు 1971లో నోబెల్ ఇచ్చారు. ఆ ఖబర్ అందుకున్న ఎంజైములు ఏం చేస్తాయి? ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి ఇంకొక మాంసకృత్తు మీద ముద్ర వేస్తాయి. ముద్ర పడితే పని మొదలు, ముద్ర తీస్తే పని బంద్. ఈ ముద్ర సంగతి 1955 ప్రాంతంలో కనిపెట్టిన ఫిషర్, క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ వచ్చింది. మన ఒంట్లో ఇట్లా ముద్ర వేసే ఎంజైములు ఐదు వందలకు పైగా ఉన్నాయి. కొన్ని క్యాన్సర్లలో ఒక ఎంజైము ఆగకుండా ముద్రలు కొడుతూనే ఉంటుంది. 2001 నుంచి వాడుకలో ఉన్న ఇమాటినిబ్ అనే మందు, ఆ ఎంజైములో ఏటీపీ కూర్చునే చోట తానే కూర్చుని దానిని ఆపుతుంది. ఇన్ని తలుపులు తెరుచుకున్నది ఒక సీసాలో నీలి రంగు ఎందుకు ఆలస్యమైందని ఆగి చూసిన చోట.

అంత పని చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది, తర్వాత పదేళ్లు కింది మెట్ల మీదనే. ఆయన వేరు చేసిన కొన్ని పదార్థాలను ఫిస్కె బయటికి రానివ్వలేదని, వాటిని ఇతరులు మళ్లీ కనిపెట్టుకోవలసి వచ్చిందని, ఆ విభాగంలోనే చదివి తర్వాత నోబెల్ పొందిన జార్జి హిచింగ్స్ చెప్పారు. సుబ్బారావు మాత్రం ఎవరి మీదా ఏమీ రాయలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో లెడర్లీ మందుల కంపెనీకి పరిశోధన పని మీద పోయారు. నా అభిప్రాయంలో ఆ పోవడం మన అదృష్టం. ఆయన హార్వర్డ్‌లోనే ఉండి ఉంటే మనకు ఇంకా కొన్ని వ్యాసాలు దొరికేవి. లెడర్లీకి పోయినందువల్ల గోలీలు దొరికినయి.

ఇక్కడ పర్దా అవతల ఉన్నవారు కొంచెం ఎక్కువ వినాలి. 1928 తర్వాత లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, గర్భిణీ స్త్రీలకు రక్తం ఎందుకు పలచబడుతున్నది అని పరిశోధించింది. మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు, వారిలో చాలామంది మన ముస్లిం స్త్రీలు. జబ్బు ఎక్కువగా ఉన్నది పండ్లు, కూరగాయలు సరిగా లేని ఇళ్లలో. ఈస్ట్ నుంచి చేసిన మార్మైట్ అనే పేస్టు తినిపిస్తే కోలుకున్నారు. అందులో ఏదో ఉంది, ఏమిటో తెలియదు. ఆమె కొంతకాలం కూనూరులో పనిచేసింది. కూనూరులో మొదలైన పోషకాహార పరిశోధన సంస్థే 1958లో హైదరాబాద్ వచ్చింది, తార్నాకలో మీరు బస్సులో పోతూ చూసే ఎన్ఐఎన్ అదే. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి చిటికెడు పదార్థం తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట మీద ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. నాలుగు టన్నుల పాలకూరతో ఎందరు గర్భిణులకు మందు ఇస్తారు? అది అయ్యే పని కాదు. సుబ్బారావు బృందం 1945లో దానిని రసాయనాలతో ప్రయోగశాలలో తయారు చేసింది. అప్పటినుంచే అది గోలీగా, చౌకగా, అందరికీ. స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు, లేచి కూర్చున్నారు. ఇద్దరు తోడబుట్టినవాళ్లను తిన్న జబ్బుకు మందు, పాతికేళ్ల తర్వాత, ఆయన చేతుల మీదుగానే వచ్చింది.

మన అంగన్‌వాడీలో, ప్రభుత్వ ఆస్పత్రిలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ గోలీలో ఉన్నది ఇదే. వికారం వస్తుందని డబ్బాలో పడేసే అమ్మాయిలు నాకు తెలుసు. గర్భం మొదటి వారాల్లోనే ఇది తక్కువైతే బిడ్డ వెన్నెముక సరిగా మూసుకోకపోవచ్చు. అందుకే డాక్టర్లు గర్భం రాకముందు నుంచే వేసుకోమంటారు. ఇది అత్తలు కూడా వినవలసిన మాట.

తర్వాత తిరకాసు చూడండి. ఫోలిక్ యాసిడ్ లేకపోతే కణాలు పెరగవు. మరి పెరగకూడని కణాలు పెరుగుతుంటే? అచ్చం ఫోలిక్ యాసిడ్ లాగా కనిపించే దొంగ పదార్థాన్ని లోపలికి పంపితే? లెడర్లీలో అట్లాంటివి తయారు చేశారు. బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్ 1947 చివరలో రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు వాటిలో ఒకటైన అమినోప్టెరిన్ ఇచ్చారు. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది కొన్నాళ్లే నిలిచింది, అయినా అంతకుముందు ఆ జబ్బుకు మందే లేదు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్, మా ఆపా డబ్బాలోనిది. మామూలు నోటి పొర కణాలు కూడా త్వరత్వరగా పెరిగేవే గనుక, మోతాదు మించితే మొదట నోరు పుండ్లవుతుంది. ఆపాకు జరిగింది అదే. వారానికి ఒకసారి చిన్న మోతాదులో అది కీళ్ల మంటను ఎట్లా తగ్గిస్తుందంటే, అడినోసిన్ అనే పదార్థం ఎక్కువగా విడుదలై మంటకు ఆగమని చెబుతుందని పరిశోధకుల ప్రధాన అభిప్రాయం. అడినోసిన్ ఏమిటి? ఏటీపీ పేరులో మొదటి ముక్కే. తిరిగి తిరిగి ఆ మనిషి మొదటి ఇంటికే వచ్చినట్లయింది.

బోదకాలు మందు డైఇథైల్ కార్బమజైన్ కూడా 1947లో ఆయన ప్రయోగశాల నుంచే, హెట్రజాన్ అనే పేరుతో వచ్చింది. మురికినీటి దోమలు మోసే జబ్బు గదా, మన నాలాల పక్కన ఉండేవారికి చెప్పనక్కరలేదు. బోదకాలును తరిమేందుకు ప్రభుత్వం ఇంటింటికీ పంచిన గోలీ అదే. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను కనుగొన్న డగ్గర్ పనిచేసింది కూడా ఆయన డైరెక్టరుగా ఉన్న చోటనే. అది 1948లో బయటికి వచ్చింది. అదే ఏడు ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు పోయారు. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆ ఇల్లాలి గురించి పుస్తకాల్లో రెండు మూడు వాక్యాలకు మించి దొరకదు. అది నాకు నచ్చలేదు, అందుకే ఇక్కడ ఆమె పేరు రెండుసార్లు చెప్పాను. 1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ల వేశారు. నోబెల్ రాలేదు.

ఆపా డబ్బా సంగతి చెప్పి ముగిస్తాను. ఇప్పుడు రెండు డబ్బాలు. వారం గోలీ డబ్బా మీద జుమ్మా అని ఉర్దూలో, శుక్రవారం అని తెలుగులో రాసి, చదువు రాదు గనుక ఒక మసీదు బొమ్మ కూడా వేశాను. మీ ఇళ్లలో ఎవరైనా ఈ మందు వాడుతుంటే ఈ రాత్రే ఇంటికి పోయి చూడండి, సిగ్గుపడకుండా డాక్టరును మళ్లీ అడగండి.

ఇంకొకటి. ఈ ఏడు పదో తరగతి తప్పిన మన బస్తీ పిల్లలు ఈ సభలో నాకు కనిపిస్తూనే ఉన్నారు, పేర్లు చెప్పను. ఒకరిని బండ్ల మెకానిక్ దగ్గర, ఒకరిని గాజుల కొలిమిలో పెట్టడానికి మాట అయిందని కూడా విన్నాను. నేనూ పదిలో ఒకసారి లెక్కల్లో తప్పినవాడినే. అమ్మీ తన చెవిపోగులు కుదువ పెట్టి ఫీజు కట్టింది. సప్లిమెంటరీ ఫీజు ఈసారి మన సంఘం కడుతుంది, కార్యవర్గం నిన్న రాత్రే ఒప్పుకున్నది. లెక్కలు, సైన్సు నేను చెబుతాను, రోజూ ఇషా తర్వాత సంఘం గదిలో. ఆడపిల్లలకు ఆదివారం పొద్దున, మా ఇంట్లో, ఆపా కూడా కూర్చుంటుంది. తండ్రులు ఈ పూట భోజనం చేసి వెళ్లేముందు నాకు కనిపించాలి. గది తాళంచెవి నా దగ్గరే ఉంది.

ఖుదా హాఫిజ్, సెలవు.